కోతి నుంచి మాత్ర దాకా: లక్డీకాపూల్ ల్యాబులో నేర్చుకున్న సంగతులు

లక్డీకాపూల్ నుంచి రెడ్‌హిల్స్ వైపు తిరిగితే వరసగా ల్యాబులు, బ్లడ్ బ్యాంకులు, మందుల షాపులు. ఒక పక్క నీలోఫర్, ఇంకో పక్క ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. రక్తపరీక్షల పనిలో నా ఉద్యోగ జీవితమంతా ఈ సందుల్లోనే గడిచింది. యాంటీబాడీలను పట్టే ఎలీసా ప్లేట్ల కాలం నుంచి రక్తంలో వైరస్‌ను లెక్కించే వైరల్ లోడ్ యంత్రాల కాలం దాకా హెచ్‌ఐవీని దగ్గరగా చూశాను. అమీర్‌పేట, పంజాగుట్ట వైపు నుంచి డీఎంఎల్‌టీ అనే ల్యాబు టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. యంత్రం ఎలా నడపాలో వాళ్లకు కాలేజీలో చెబుతారు. నేను చెప్పేది వేరు: ఈ వైరస్ ఏ కోతి నుంచి వచ్చింది, ఆ కోతిని ఏం చేసింది, మనల్ని ఎందుకు ఇలా చేస్తోంది. ఆ సంగతి తెలియని ఇళ్లలోనే భయం, నింద ఎక్కువగా చూశాను.

1. పాత నమూనాను, దాని మీది చీటీని పారేయకండి.

1959లో కాంగోలోని కిన్షాసాలో, అప్పటి పేరు లియోపోల్డ్‌విల్, వేరే పరిశోధన కోసం ఒక మనిషి రక్తం తీసి దాచారు. అప్పటికి ఎయిడ్స్ అనే మాటే లేదు. 1998లో ఆ రక్తంలోనే హెచ్‌ఐవీ-1 జన్యువు ముక్కలు దొరికాయి. అదే ఊళ్లో 1960లో ఒక స్త్రీ లింఫ్ గ్రంథి నుంచి తీసిన చిన్న ముక్క పారఫిన్ మైనం బ్లాకులో అలాగే ఉండిపోయింది. మైకేల్ వొరోబీ బృందం 2008లో అందులోంచీ వైరస్‌ను చదివింది. ఈ రెండు వైరస్‌ల మధ్య అప్పటికే ఎంత తేడా వచ్చిందో చూసి వెనక్కి లెక్క కడితే, వాటి ఉమ్మడి మూలం 1908 ప్రాంతంలో, అటూఇటూగా 1884 నుంచి 1924 మధ్య తేలింది. ఈ జబ్బు 1981లో అమెరికాలో పుట్టిందని అనుకున్నవాళ్లంతా ఆలోచన మార్చుకోవాల్సి వచ్చింది.

మార్లిన్ అనే ఆడ చింపాంజీ కథ కూడా ఇలాంటిదే. ఆఫ్రికా అడవిలో పట్టి అమెరికాకు తెచ్చారు. 1985లో చనిపోయింది. దాని కణజాలం ఏళ్ల తరబడి ఒక ఫ్రీజర్‌లో పడి ఉంది. ఫ్రీజర్ ఖాళీ చేస్తున్నప్పుడు అది బయటపడితే బియాట్రిస్ హాన్ ల్యాబుకు పంపారు. 1999లో ఆమె బృందం, హెచ్‌ఐవీ-1 మూలం మధ్య ఆఫ్రికాలో ఉండే పాన్ ట్రోగ్లోడైట్స్ ట్రోగ్లోడైట్స్ అనే చింపాంజీ ఉపజాతి అని తేల్చడానికి ఆ ముక్క ఆసరా అయింది. చీటీ ఊడిపోయి ఉంటే ఆ ముక్క చెత్తలోకే. లేబుల్ రాసేటప్పుడు విసుక్కునే పిల్లలకు ఈ రెండు కథలూ తప్పకుండా చెబుతాను.

2. పుట్టుక తెలిస్తే పుకారు నిలవదు.

ఎవరో ల్యాబులో తయారుచేసి వదిలారన్న మాట, కోతులతో మనుషులు చేసిన అపచారమన్న మాట ఈ వీధిలో నేను విననిది కాదు. చదువుకున్నవాళ్ల నోటా విన్నాను. నిజం అంతకన్నా సాదాగా ఉంది. ఆఫ్రికాలో నలభైకి పైగా కోతిజాతుల్లో ఎస్‌ఐవీ అనే ఇదే కుటుంబం వైరస్‌లు ఉన్నాయి. చింపాంజీ చిన్న కోతులను వేటాడి తింటుంది. అలా రెండు రకాల కోతి వైరస్‌లు దాని ఒంట్లో చేరి కలిసిపోయి చింపాంజీ ఎస్‌ఐవీ అయింది. ఆ చింపాంజీని మనిషి వేటాడాడు. మాంసం కోసేటప్పుడు చేతి గాయంలోంచి దాని రక్తం మనిషి రక్తంలో కలిసి ఉంటుంది. మనిషికి సోకిందీ చింపాంజీకి సోకిందీ ఒకే దారిలో, ఆకలి దారిలో. ఇందులో ఎవరి నీతినీ తప్పుపట్టేది ఏమీ లేదు.

2006లో హాన్, మార్టిన్ పీటర్స్ బృందాలు దక్షిణ కామెరూన్ అడవుల్లో ఒక్క చింపాంజీని కూడా పట్టుకోకుండా, చంపకుండా, అవి వదిలిన మలం ఏరుకొచ్చి అందులోని వైరస్‌నూ యాంటీబాడీలనూ పరీక్షించాయి. హెచ్‌ఐవీ-1లో లోకమంతా పాకిన ఎం గ్రూపు వైరస్‌కు అతి దగ్గరి బంధువు అక్కడి చింపాంజీల్లో దొరికింది. వైరస్ అక్కడి నుంచి నదుల మీదుగా కిన్షాసాకు, రైళ్లు, కూలిపనులు, పెరిగిన పట్నం మీదుగా బయటికి. ఎన్ గ్రూపు కూడా చింపాంజీ నుంచే. ఓ, పీ గ్రూపులు గొరిల్లాల నుంచి. అంటే ఇది ఒక్కసారి జరిగిన ప్రమాదం కాదు, పదేపదే జరిగింది. చాలాసార్లు వచ్చి కొద్దిమందితో ఆగిపోయింది, ఒకసారి మాత్రం పట్నం దొరికి మహమ్మారి అయింది.

3. రిపోర్టులో హెచ్‌ఐవీ అని ఒక్కమాట రాసి ఊరుకోవద్దు. ఒకటా, రెండా?

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట 1986లో చెన్నైలో బయటపడింది. డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శనంలో ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్తనమూనాల్లో అది కనిపించింది. మనకు ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవీ-1, అందులోనూ సీ సబ్‌టైపు. అయితే 1990ల మొదట్లోనే ముంబైలో హెచ్‌ఐవీ-2 కూడా కనిపించింది. ఆ రెండోది చింపాంజీది కాదు. పశ్చిమ ఆఫ్రికాలో ఉండే సూటీ మాంగబీ అనే పొగరంగు కోతిది.

పుట్టుక వేరైతే మందు కూడా వేరు. నెవిరాపిన్, ఎఫవిరెంజ్ అనే మందులు హెచ్‌ఐవీ-1 మీద పనిచేస్తాయి, హెచ్‌ఐవీ-2 మీద అసలు పనిచేయవు. హెచ్‌ఐవీ-1 కోసం చేసిన వైరల్ లోడ్ కిట్లు రెండో దాన్ని సరిగ్గా కొలవవు కూడా. ఒక ల్యాబు రెండూ విడదీయకుండా రిపోర్టు ఇచ్చింది. ఆ మనిషి ఏడాదికి పైగా పనికిరాని మందు మింగి, సీడీ4 అనే రోగనిరోధక కణాలు పడిపోయాక మా దగ్గరికి వచ్చాడు. కోతుల గురించి ల్యాబు టెక్నీషియన్‌కు ఎందుకు అనేవాళ్లకు నా జవాబు ఆ మనిషే.

4. మన కోతి కరిస్తే భయపడాల్సింది రేబిస్‌కు.

హైదరాబాద్‌లో కోతుల బెడద పెరిగాక, కరిచిందని పరుగెత్తుకొచ్చి ముందు హెచ్‌ఐవీ పరీక్ష రాయమనేవాళ్లు మొదలయ్యారు. కోతి నుంచే ఎయిడ్స్ వచ్చిందట కదా అని వాళ్ల వాదన. ఎస్‌ఐవీ ఆఫ్రికా కోతులది. మన దేశంలో తిరిగే కోతుల్లో, అంటే దక్షిణాది బోనెట్ కోతిలో గాని, ఉత్తరాది నుంచి తెలంగాణలోకి దిగుతూ దాని జాగాలు ఆక్రమిస్తున్న రీసస్ కోతిలో గాని సహజంగా ఆ వైరస్ లేదు. కోతి కాటుకు చేయాల్సింది వేరు. పదిహేను నిమిషాలు సబ్బుతో నీటిధార కింద కడగాలి, వెంటనే రేబిస్ టీకా మొదలుపెట్టాలి, రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ అడగాలి. హెచ్‌ఐవీ పరీక్ష కోసం లైన్లో నిలబడి టీకా ఆలస్యం చేసుకోవద్దని ఎందరికి చెప్పానో.

5. జబ్బు వైరస్‌లో ఒక్కదాంట్లోనే ఉండదు.

నాకు ఈ శాస్త్రమంతటిలో అన్నిటికన్నా లోతుగా అనిపించే సంగతి ఇది. కాస్త నిదానంగా చదవండి.

సూటీ మాంగబీ రక్తంలో ఎస్‌ఐవీ లక్షల సంఖ్యలో ఉంటుంది. అయినా ఆ కోతి ఏళ్ల తరబడి మామూలుగా తిరుగుతుంది, పిల్లల్ని కంటుంది, ముసలిదై చనిపోతుంది. అదే వైరస్ అమెరికా ప్రైమేట్ కేంద్రాల్లో ఎవరికీ తెలియకుండా మాంగబీల నుంచి రీసస్ కోతులకు అంటింది. రీసస్‌లు బక్కచిక్కి, ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. 1985లో న్యూ ఇంగ్లండ్ ప్రైమేట్ కేంద్రంలో ఆ వైరస్‌ను వేరుచేశారు. అప్పటి నుంచి హెచ్‌ఐవీ పరిశోధనకు రీసస్ కోతే ఆధారమైంది.

తేడా ఎక్కడుంది? వైరస్ ఒక్కటే. వైరస్ చేరిన మొదటి వారాల్లో రెండు కోతుల రోగనిరోధక వ్యవస్థా భగ్గుమంటుంది. కొన్ని వారాలకు మాంగబీది చల్లబడుతుంది, రీసస్‌ది చల్లబడదు. మాంగబీ పేగు గోడ చెక్కుచెదరదు. రీసస్ పేగు గోడ దెబ్బతిని, లోపలి బ్యాక్టీరియా సరుకు రక్తంలోకి కారుతూనే ఉంటుంది. దాంతో ఒళ్లు ఎప్పుడూ పోరాట స్థితిలోనే ఉండిపోతుంది. ఆ ఆరని పోరాటమే సీడీ4 కణాలను హరిస్తుంది. మనిషిలోనూ జరిగేది రీసస్‌లో జరిగేదే. అందుకే మందులతో వైరస్ కనపడనంతగా తగ్గినవాళ్లలో కూడా గుండె, ఎముకలు, కిడ్నీల మీద కన్నేసి ఉంచమని డాక్టర్లు చెబుతారు.

మాంగబీ వేల ఏళ్లుగా ఆ వైరస్‌తో బతుకుతోంది. కామెరూన్ తీరానికి ఎదురుగా బియోకో అనే దీవి ఉంది. సముద్రం ఎక్కి అది ప్రధాన భూభాగం నుంచి విడిపోయిన కాలాన్ని పట్టి లెక్క కడితే, కోతుల్లో ఎస్‌ఐవీ వయసు కనీసం 32,000 ఏళ్లని తేలింది. మనతో దాని పరిచయం నూరేళ్ల పైచిలుకే. అలాగని సొంత వైరస్ అయితే ఏ కోతికీ ఏమీ కాదనుకోకండి. టాంజానియాలోని గోంబేలో ఏళ్ల తరబడి గమనిస్తే, ఎస్‌ఐవీ ఉన్న చింపాంజీలు లేనివాటికన్నా 10 నుంచి 16 రెట్లు ఎక్కువ ప్రమాదంతో చనిపోతున్నట్టు 2009లో తేలింది. చింపాంజీకి ఆ వైరస్ కోతుల కన్నా కొత్తది కావడమే కారణమని నా నమ్మకం.

రీసస్‌కు ఇంకో గుణం ఉంది. దానికి హెచ్‌ఐవీ-1 ఎక్కదు. ఎందుకో 2004లో జోసెఫ్ సోడ్రోస్కీ ల్యాబు చూపింది. కొబ్బరికాయకు చిప్పలాగా వైరస్ జన్యువు చుట్టూ కాప్సిడ్ అనే తొడుగు ఉంటుంది. రీసస్ కణంలో ఉండే ట్రిమ్5 ఆల్ఫా అనే ప్రోటీన్ లోపలికి వచ్చీరాగానే ఆ తొడుగును పట్టేస్తుంది. మన కణాల్లోనూ ట్రిమ్5 ఉంది, కానీ హెచ్‌ఐవీ-1 తొడుగు మీద దానికి అంత పట్టు దొరకదు. ఈ తొడుగు సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

6. చిన్న ప్రశ్న పట్టుకున్నవాళ్లను గౌరవించండి.

ఈ పరిశోధన ఎక్కడో అట్లాంటాలో, ప్యారిస్‌లో జరిగేదని మన పిల్లలు అనుకుంటారు. మన ఊళ్లోనే జరిగింది. సీడీఎఫ్‌డీ అంటే అందరికీ డీఎన్‌ఏ వేలిముద్రలే గుర్తొస్తాయి. మొదట నాచారంలో, తర్వాత మనకు కూతవేటు దూరంలో నాంపల్లి గృహకల్పలో, ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న సంస్థ అది. అక్కడ ఎస్. మహాలింగం బృందం 2000లలో వీపీఎక్స్ అనే ఒక చిన్న ఎస్‌ఐవీ ప్రోటీన్ వెంటపడింది. ఆ ప్రోటీన్ హెచ్‌ఐవీ-2లోనూ ఉంది, హెచ్‌ఐవీ-1లో లేదు. అది కణ కేంద్రకంలోకి ఏ సంకేతంతో వెళ్తుంది, ఎలా బయటికి వస్తుంది అన్నదే వాళ్ల ప్రశ్న. 2003లో, 2006లో వాళ్ల ఫలితాలు అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. దీనివల్ల ఏ మందు వస్తుందని అప్పుడు అడిగినవాళ్లు నాకు తెలుసు.

2011లో రెండు విదేశీ బృందాలు దాని అసలు పని కనిపెట్టాయి. మన కణాల్లో శామ్‌హెచ్‌డీ1 అనే కాపలా ప్రోటీన్ ఉంది. వైరస్ తన డీఎన్‌ఏ కట్టుకోవడానికి కావాల్సిన ముడిసరుకును అది ముందే కరిగించేస్తుంది. వీపీఎక్స్ ఆ కాపలాదారునే పట్టి నాశనానికి అప్పగిస్తుంది. వీపీఎక్స్ కేంద్రకంలోకి ఎందుకు పోతుందన్న హైదరాబాద్ ప్రశ్నకు అప్పుడు గానీ పూర్తి అర్థం రాలేదు. శాస్త్రంలో ప్రశ్న ముందు పుడుతుంది, విలువ తర్వాత తెలుస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆనంద్ కుమార్ కొండపి బృందం పాలలో ఉండే లాక్టోఫెరిన్ ప్రోటీన్‌తో నానోకణాలు చేసి వాటిలో హెచ్‌ఐవీ మందులు నింపి చూసింది. అలాంటి పని మీద కూడా తొందరపడి తీర్పు చెప్పకండి.

7. కోతిలో ఫలిస్తే సగమే గెలిచినట్టు.

టీకా విషయంలో ఇది పదేపదే రుజువైంది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో అమర రామారావు, పేరు వినగానే తెలుగు చెవికి తెలిసిపోతుంది, హారియెట్ రాబిన్సన్‌తో కలిసి 2001లో సైన్స్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. డీఎన్‌ఏ, ఎంవీఏ అనే రెండు రకాల టీకాలు ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చిన రీసస్ కోతులు, నెలల తర్వాత వైరస్ ఎక్కించినా జబ్బుపడలేదు. చాలా ఆశ పుట్టించిన పని. మనుషుల్లో ఆ టీకా రోగనిరోధక స్పందన చూపింది, కానీ పెద్ద రక్షణ పరీక్ష దాకా చేరలేదు. కోతుల్లో మెరిసిన, ఒక కంపెనీ చేసిన ఇంకో టీకాను మనుషుల్లో పరీక్షించి 2007లో మధ్యలోనే ఆపేశారు. 2009లో థాయ్‌లాండ్ టీకా 31 శాతం రక్షణ ఇచ్చింది. దాని దారిలోనే దక్షిణాఫ్రికాలో చేసినది 2020లో విఫలమై ఆగింది. చింపాంజీలైతే మరీ. 1980లలో, 90లలో వందకు పైగా చింపాంజీలకు హెచ్‌ఐవీ-1 ఎక్కించారు. దాదాపు వేటికీ ఎయిడ్స్ రాలేదు. అంత తెలివైన జంతువులను ఏళ్ల తరబడి బోనుల్లో పెట్టి నేర్చుకున్నది తక్కువ. అమెరికా ప్రభుత్వం 2015లో చింపాంజీ పరిశోధనకు మంగళం పాడటం సరైన పని. అంతకు ముందే మన దేశం 1978లో రీసస్ కోతుల ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత అమెరికా వాళ్లు తమ దగ్గరున్న భారతీయ రీసస్‌లనే పెంచుకుంటూ వస్తున్నారు. ఇప్పటికీ వాళ్ల పరిశోధన పత్రాల్లో ఇండియన్ ఆరిజిన్ అనే మాట కనిపిస్తుంది.

మందుల విషయంలో కథ వేరు. 1995లో టెనోఫోవిర్ అనే మందును కోతులకు ముందే ఇచ్చి ఎస్‌ఐవీ ఎక్కిస్తే వాటికి వైరస్ అంటలేదు. ఎక్కించిన తర్వాత గంటల్లో మొదలుపెట్టినా కాపాడింది. 2010లో మనుషుల్లో జరిగిన పరీక్షలో కూడా ముందే మందు వేసుకుంటే ముప్పు తగ్గుతుందని తేలింది. ఆసుపత్రిలో సూది గుచ్చుకున్న నర్సుకు ఇవాళ 72 గంటల్లోపు ఇచ్చే మందుల్లో టెనోఫోవిర్ ఉంది. ఆ కోతులకు మనం రుణపడి ఉన్నాం.

8. మందు ఎక్కడ తయారవుతుందో కూడా తెలుసుకోండి.

అమీర్‌పేట అంటే ఇప్పటి పిల్లలకు సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు. కానీ మందుల కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, అరబిందో ఫార్మా ఆఫీసులు ఏళ్ల తరబడి ఆ చిరునామాల్లోనే నడిచాయి. పక్కనే సనత్‌నగర్‌లో హెటెరో. తార్నాకలో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ డైరెక్టరుగా గుంటూరు బిడ్డ ఎ.వి. రామారావు 1990ల మొదట్లో ఏజడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందును చవకగా తయారుచేసే పద్ధతి రూపొందించి సిప్లా కంపెనీకి ఇచ్చారు. 2000 నాటికి విదేశాల్లో ఒక మనిషికి ఏడాది మందుల ఖర్చు 10,000 డాలర్లు దాటేది. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ 350 డాలర్లకే ఇస్తానన్నాడు. ఆ తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు ఇంకా తగ్గించాయి. ఇవాళ టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన రోజుకొక మాత్ర ఏడాదికి 50 డాలర్ల లోపే. ఆఫ్రికాలో లక్షలాది మంది మింగుతున్న మాత్ర మీద మన ఊరి పేరు ఉంటుంది. అయితే ఈ చవకకు పటాన్‌చెరు వైపు చెరువులు, వాగులు చెల్లించిన ధర కూడా ఉంది. ఆ లెక్క ఇంకా తీరలేదు.

ఇక ఆ తొడుగు సంగతి. ట్రిమ్5 పట్టుకునే కాప్సిడ్‌నే పట్టుకునే మందు లెనకపవిర్. ఆర్నెల్లకు ఒక్క ఇంజెక్షన్. 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండా యువతుల్లో జరిగిన పరీక్షలో ఈ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. అమెరికాలో దాని ధర ఏడాదికి 28,000 డాలర్ల పైమాట. డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి 40 డాలర్ల చొప్పున అందించేలా 2025 సెప్టెంబరులో ఒప్పందాలు ప్రకటించారు. టీకా దొరకని చోట ఈ ఇంజెక్షన్ టీకా పని చేస్తుందని నా ఆశ.

9. రిపోర్టు ఎవరిదో వాళ్ల చేతికే.

భార్య రిపోర్టు తనకివ్వమని భర్తలు, కోడలి రిపోర్టు తమకివ్వమని అత్తలు కౌంటర్ దగ్గర పోట్లాడటం చాలాసార్లు చూశాను. ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు దానికి చట్టమే ఉంది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో వివక్ష చూపకూడదు.

గర్భిణులకు ఇది మరీ ముఖ్యం. తల్లికి మందు లేకపోతే పాలిచ్చే కాలంతో కలిపి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు వైరస్ పాకుతుంది. వేళకు మందు వాడితే 5 కన్నా తగ్గిపోతుంది. నీలోఫర్ చుట్టుపక్కల పనిచేసిన నాకు ఈ అంకెలు పిల్లల ముఖాలతో సహా గుర్తుంటాయి. మందు సరిగా వాడి వైరల్ లోడ్ కనపడనంతగా తగ్గించుకున్న మనిషి నుంచి శృంగారం ద్వారా ఇంకొకరికి వైరస్ పాకదు. ఇది ఓదార్పు కోసం అన్న మాట కాదు, వేల జంటల మీద చేసిన పరిశోధనల ఫలితం. 2021 అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. మందు తయారుచేసే నేల మీద ఈ అంకె ఇంత ఉండకూడదు.

సర్కారు ఆసుపత్రుల్లోని ఐసీటీసీ అనే కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఏఆర్‌టీ అనే హెచ్‌ఐవీ మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితం. సందేహం ఉన్నవాళ్లు 1097కు ఫోన్ చేయండి. కాల్‌కు డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.